చప్పుడు ముందు, పువ్వు తర్వాత

గొర్లె అప్పలస్వామికి లయజ్ఞానం లేదని మా మండలి లిఖితపూర్వకంగా తేల్చింది. ఆ కాగితం తయారు చేసింది నేనే. అందులో రాసినదాన్ని నేను నమ్మలేదు. కానీ నమ్మడం నా సీటుకి అప్పగించిన పని కాదు, రాయడమే నా పని. రాశాను.

అప్పలస్వామి మా ఆఫీసులో సబార్డినేటు. ఫైళ్లు మోస్తాడు, బల్లల మీద మంచినీళ్లు పెడతాడు, డైరెక్టరు గారి గంట మోగితే లేస్తాడు. వయసు యాభైకి దగ్గర పడింది. పదహారో ఏట నుంచి తప్పెటగుళ్లు ఆడుతున్నాడు. రేకు తప్పెటని గుండెకి కట్టుకుని, కాళ్లకి గజ్జెలు తొడుక్కుని, పాడుతూ, గెంతుతూ, రెండు చేతులా వాయిస్తూ మూడు గంటలు ఆగకుండా ఆడగలడు. పదహారు మంది మేళానికి అతనే గురువు. మా వైపు ఏ ఊరి పండగకైనా అతని మేళం వస్తోందంటే పక్క ఊళ్ల నుంచి ఆటోలు కట్టించుకుని వచ్చేవాళ్లు.

అంత ఆట ఆడిన మోకాళ్లు ఇప్పుడు మొరాయిస్తున్నాయి. మా ఆఫీసు మూడంతస్తుల అద్దె భవనం, లిఫ్టు లేదు. రోజుకి ముప్ఫైసార్లు ఎక్కి దిగాలి. అందుకని అతను రికార్డు అసిస్టెంటు పోస్టుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. రికార్డు గది కింద ఉంటుంది. అక్కడో కుర్చీ, ఒక ఫ్యాను, పాత ఫైళ్లు. మెట్లు ఎక్కక్కర్లేదు. అతని దరఖాస్తు ఆరేళ్లుగా పెండింగులో ఉంది. మాది రాష్ట్ర సమయపాలన మండలి కాబట్టి, ఏ పనికి ఎంత సమయం పట్టాలో మాకు తెలుసు.

బళ్లలో, ఆసుపత్రుల్లో, బస్టాండుల్లో గోడ గడియారాలు సరైన టైము చూపిస్తున్నాయని ధ్రువపత్రాలు ఇవ్వడం మా మండలి పని. మా డైరెక్టరు చిదానందం గారు ఒకసారి ఏదో సదస్సుకి వెళ్లి వచ్చారు. అక్కడ ఎవరో చెప్పారట, లయజ్ఞానం ఉన్న ఉద్యోగి ఫైలుని సకాలంలో కదుపుతాడని. చిదానందం గారు మంచి మనిషి. విన్నదాన్ని వెంటనే అమలు చేస్తారు. మూడో వారానికల్లా 'లయబద్ధ పాలన' పథకం వచ్చేసింది. దానికోసం ఒక కంపెనీ చేత 'తాళజ్ఞ' అనే ఫోను ఆట తయారు చేయించారు. ప్రతి ఉద్యోగికీ మండలి ఫోను ఒకటి ఇచ్చారు. పొద్దున్నే సీట్లో కూర్చున్నాక మూడు నిమిషాలు ఆడాలి. వచ్చిన మార్కులు సర్వీసు రిజిస్టరులో ఎక్కుతాయి. నలభై అయిదు దాటని వాళ్లకి ప్రమోషను లేదు.

ఆట సులువే. ఫోనులోంచి మృదంగం లాంటి చప్పుడు 'ధిమ్' అని వస్తుంది. తెర మీద పైనుంచి ఒక తామరపువ్వు దిగుతుంది. కింద ఒక గీత ఉంటుంది. పువ్వు గీతని తాకినప్పుడు వేలితో కొట్టాలి. సరిగ్గా కొడితే 'శభాష్' అని పడుతుంది. ముందు కొడితే 'తొందర', వెనక కొడితే 'జాగు'. మొత్తం అరవై దెబ్బలు.

మొదటిరోజు అప్పలస్వామి ఫోను చేతిలోకి తీసుకుని, ఒకసారి నమస్కారం పెట్టి, కళ్లు మూసుకున్నాడు. ధిమ్ అన్నప్పుడల్లా వేలితో కొట్టాడు. పక్కన నిలబడి చూశాను. చప్పుడుకీ వేలికీ మధ్య వెంట్రుక సందు కూడా లేదు. కళ్లు తెరిచి చూస్తే అరవైకి అరవై 'తొందర'. కింద ఎర్ర అక్షరాల్లో 'లయజ్ఞానం: శూన్యం. శిక్షణ అవసరం' అని ఉంది.

మా సూపరింటెండెంటు కామేశ్వరం గారికి యాభై ఎనిమిది 'శభాష్'లు వచ్చాయి. ఆయన భజనలో చప్పట్లు కొడితే పక్కవాళ్లకి తాళం తప్పుతుందని, ఆయన చేతికి ప్రసాదం పళ్లెం ఇచ్చి కూర్చోబెడతారు. ఆయనే చెప్పారు నాకు ఆ సంగతి. అద్దాలు ముక్కు మీదకి జార్చుకుని, చప్పుడుని అసలు పట్టించుకోకుండా పువ్వుని మాత్రం చూస్తూ కొట్టారు. ఇంటికి ఫోన్ చేసి భార్యకి చెప్పుకున్నారు కూడా.

అసలు సంగతి రెండోరోజుకే అందరికీ తెలిసిపోయింది. చప్పుడు వచ్చిన పావు సెకను తర్వాత గాని పువ్వు గీతని తాకడం లేదు. ఆట మార్కులు వేసేది పువ్వుని బట్టి. చెవితో ఆడేవాళ్లందరూ తొందరపాటు మనుషులు, కంటితో ఆడేవాళ్లందరూ లయజ్ఞులు.

ఆటగాళ్ల అభిప్రాయాలు తీసుకోవాలని పథకంలోనే ఉంది. ఆ సీటు నాది. అభిప్రాయ పత్రంలో మూడు గడులు ఇచ్చాం: బాగుంది, చాలా బాగుంది, ఇంకా బాగుంటుంది. అడుగున ముప్ఫై అక్షరాలకి చోటు వదిలాం. అప్పలస్వామి నా దగ్గరికి వచ్చి, ఆ చోటులో ఏం రాయాలని అడిగాడు. ఏం జరిగిందో అది రాయమన్నాను. 'చప్పుడు ముందు, పువ్వు తర్వాత' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చాడు. అలాంటివే రాష్ట్రమంతటా ఉన్న మా శాఖల నుంచి మరో రెండు వందల పదకొండు వచ్చాయి. నేను అన్నీ కలిపి నోటు పెట్టాను. డైరెక్టరు గారు దాని మీద 'ఏడు రోజుల్లో పరిష్కరించి తెలియజేయవలెను' అని ఆకుపచ్చ సిరాతో రాశారు.

కంపెనీ నుంచి ఇందుప్రియ అనే అమ్మాయి వచ్చింది. ఆ ఆట చేసింది ఆమే. ఒక ఫోను తీసుకుని రెండు నిమిషాలు చూసి, ఇది పెద్ద విషయం కాదని చెప్పింది. ఇలాంటి ఆటలన్నిటిలోనూ వచ్చేదేనట. మండలి ఇచ్చిన ఫోన్లు కొంచెం పాతవి, బొమ్మ మెల్లగా కదులుతుంది. అందుకే ఆటలో ఒక మీట పెట్టి ఉంచింది. ఎవరి ఫోనులో వాళ్లు దాన్ని కొంచెం జరుపుకుంటే మార్కులు పువ్వుని బట్టి కాక చప్పుడుని బట్టి పడతాయి. మనిషికి ఒక నిమిషం పని.

చిదానందం గారు శ్రద్ధగా విన్నారు. విన్నాక ఆయనకి రెండు అభ్యంతరాలు తోచాయి. ఎవరి మీట వాళ్లు జరుపుకుంటే, ఒక్కొక్క ఉద్యోగికి ఒక్కొక్క కాలం అవుతుంది. సమయపాలన మండలిలో పదకొండు వందల కాలాలు నడవడం సబబు కాదు. ఇక రెండోది, ఆట దోషరహితమని ప్రారంభోత్సవం నాడు ఆయనే ధ్రువపత్రం మీద సంతకం చేశారు. దోషం లేనిదాన్ని సరిదిద్దితే, సరిదిద్దడమే దోషమవుతుంది.

"అమ్మా, ఆట స్థిరం. ఉద్యోగి చరం," అన్నారు ఇందుప్రియతో. "జరపవలసి వస్తే చరాన్నే జరపాలి."

ఆ అమ్మాయి నాతో కాంటీనుకి వచ్చి టీ తాగుతూ, తను చదివిన చదువులో ఇది లేదని మాత్రం అంది.

ఏడోరోజున ఉత్తర్వు వచ్చింది. 'ధ్వని, దృశ్యముల మధ్య భేదాభిప్రాయము తలెత్తినచో దృశ్యమే ప్రమాణము. చెవి మీద ఆధారపడు సిబ్బంది కర్ణ వర్గముగాను, కంటి మీద ఆధారపడు సిబ్బంది నేత్ర వర్గముగాను పరిగణింపబడుదురు. కర్ణ వర్గమునకు నేత్ర ప్రధాన శిక్షణ ఇవ్వబడును.' రెండు వందల పన్నెండు అభిప్రాయాలూ పరిష్కృతం అని నేను ముద్ర వేశాను.

నేత్ర ప్రధాన శిక్షణ అంటే, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చోవడం. శిక్షణ రోజంతా సాగుతుంది కాబట్టి దూది కూడా రోజంతా ఉండాలి. మా ఆఫీసులో ముప్ఫై మంది కర్ణ వర్గం వాళ్లు దూది పెట్టుకునే సీట్లలో పనిచేసేవాళ్లు. ఒక హెడ్మిస్ట్రెసు గారు బడి గడియారానికి సర్టిఫికెట్టు కోసం వచ్చి, కౌంటరులో నాలుగుసార్లు అడిగారు. దూది పెట్టుకున్న గుమస్తా నవ్వుతూ ఆవిడకి ప్రసూతి సెలవు దరఖాస్తు ఇచ్చాడు. ఆవిడకి రిటైర్మెంటు ఆర్నెల్లే ఉంది. కాగితం మీద రాసి చూపించాక గాని పని జరగలేదు. ఆ నెల నివేదికలో 'మౌఖిక ఫిర్యాదులు సంపూర్ణముగా నిర్మూలింపబడినవి' అని రాసుకున్నాం. పైనుంచి మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది.

కర్ణ వర్గంలో ఇరవై తొమ్మిది మంది మార్కులు పెరిగాయి. అప్పలస్వామికి మాత్రం మళ్లీ అరవై 'తొందర'లే. కామేశ్వరం గారు దగ్గర కూర్చుని పరిశీలించారు. ధిమ్ అన్నప్పుడల్లా ఫోను కొంచెం అదురుతుంది. అప్పలస్వామికి ఆ అదురు అరచేతిలో తెలుస్తోంది. ముప్ఫై ఏళ్లకి పైగా రేకు మీద ఆడిన చేతులు అవి. కాబట్టి అతనికి ఉన్ని చేతి తొడుగులు ఇప్పించారు. తొడుగులతో కొడితే తెర పలకదు. కాబట్టి కుడిచేతి చూపుడు వేలు దగ్గర తొడుగు కత్తిరించారు. ఆ ఒక్క వేలి చివరి నుంచి కూడా అతనికి అదురు తెలిసింది.

మే నెలలో చెవుల్లో దూదీ, చేతులకి ఉన్ని తొడుగులతో మూడంతస్తులు ఎక్కి వచ్చి, అప్పలస్వామి నా బల్ల దగ్గర స్టూలు మీద కూలబడ్డాడు. దూది తీయమని సైగ చేశాను. తీశాడు. మోకాలు నిమురుకుంటూ, తనకి ఆ కుర్చీ ఎంత అవసరమో చెప్పాడు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడట. ఇంకో రెండేళ్లు ఇలాగే ఎక్కితే ఆట సంగతి అలా ఉంచి, నడక కూడా ఉండదన్నాడట. ఈ ఆటలో గెలవాలంటే ఎలా కొట్టాలో ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడు.

నేను చెప్పాను. చప్పుడు విని, కొంచెం ఆగి కొట్టు. అంతే.

"ఎంత ఆగాల బాబూ?" అన్నాడు.

ఆ 'బాబూ' అనడానికి పట్టేంత సేపు అన్నాను. నిజంగానే అది పావు సెకను.

అతను దాన్ని సాధన చేశాడు. ధిమ్, మనసులో 'బాబూ', అప్పుడు దెబ్బ. ధిమ్, బాబూ, దెబ్బ. పదిరోజులు మెట్ల మీదా, నీళ్ల కుండ దగ్గరా, సైకిలు మీదా అదే పని. పదకొండోరోజు యాభై ఒక్క 'శభాష్'లు వచ్చాయి. ఆఫీసంతా లేచి నిలబడింది. కామేశ్వరం గారు మిఠాయి తెప్పించారు. నేను అతని ప్రమోషను ఫైలు దుమ్ము దులిపి పైకి పంపించాను. శిక్షణ వల్ల కలిగిన సత్ఫలితానికి ఉదాహరణగా అతని ఫోటో మండలి గోడ మీద పెట్టారు.

మండలి వార్షికోత్సవానికి మంత్రిగారు వస్తారని కబురు వచ్చింది. చిదానందం గారికి ఒక ఆలోచన తట్టింది. లయబద్ధ పాలనలో తయారైన అప్పలస్వామి తన మేళంతో మంత్రిగారి ముందు ఆడాలి. వెనక పెద్ద తెర మీద తాళజ్ఞ ఆట నడుస్తుంది. స్పీకర్లలో ధిమ్ ధిమ్ వినిపిస్తుంది. మేళం వాళ్లు పువ్వు దిగే ప్రకారం తప్పెట వాయించాలి. మంత్రిగారు కూడా వేదిక మీద కూర్చుని ఒక ఫోనులో ఆట ఆడి ప్రజలకి ఆదర్శంగా నిలుస్తారు. ప్రమోషను ఉత్తర్వు ఆ వేదిక మీదే ఇప్పిస్తామన్నారు. కార్యక్రమం తాలూకు ఏర్పాట్లకి నన్ను వేశారు.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ల ఊరి బడి ఆవరణలో రిహార్సలు చూడడానికి వెళ్లాను. పదహారు మంది గజ్జెలు కట్టి నిలబడ్డారు. అప్పలస్వామి మొదటి పాట ఎత్తుకున్నాడు. గొంతు బాగుంది. కాళ్లు బాగున్నాయి. చెయ్యి వెనకబడింది. గజ్జె పలికాక, కాసేపు ఉండి, తప్పెట పలుకుతోంది. మేళం వాళ్లు గురువు చేతినే చూస్తారు కాబట్టి సగం మంది చేతితో వెళ్లారు, సగం మంది కాళ్లతో వెళ్లారు. రెండో చుట్టులో ఇద్దరు గుద్దుకున్నారు. ఒకతను పడ్డాడు. అప్పలస్వామి ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అదే. నేను పక్కన లేనట్టుగా, ఫోను ఎక్కడా లేనట్టుగా కళ్లు మూసుకుని ప్రయత్నించాడు. మళ్లీ అదే.

మేళంలో అందరికన్నా పెద్దవాడు సిమ్మాచలం అనే ఆయన. అప్పలస్వామికి తప్పెట కట్టడం నేర్పింది ఆయనే. గట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించుకుని, ఏమైందిరా అని అడిగాడు. అప్పలస్వామి దాచకుండా చెప్పాడు. చప్పుడు వినబడ్డాక తన లోపల 'బాబూ' అన్న మాట వచ్చేస్తోందనీ, వద్దనుకున్నా ఆగడం లేదనీ, అది అయ్యాక గాని చెయ్యి లేవడం లేదనీ.

సిమ్మాచలం చుట్ట నోట్లోంచి తీశాడు.

"ఆఫీసరుకి బాబూ అను. మినిస్ట్రుకి బాబూ అను. తప్పెటకి బాబూ ఏట్రా?" అన్నాడు.

పడిపోయినతను మోచేతికి అంటుకున్న మట్టి దులుపుకుంటున్నాడు. అప్పలస్వామి తప్పెట విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

బస్సు దాకా నాతో నడిచి వచ్చాడు. బస్సు కనబడ్డాక అన్నాడు, "ఆ కుర్సీ నాకొద్దు బాబూ. నా సెయ్యి నాకు కావాల. ఆ యాభై ఒకటీ కొట్టీమని రాయండి."

ప్రయత్నించాను. వచ్చిన 'శభాష్'ని వెనక్కి ఇచ్చేయడానికి మా దగ్గర గడి లేదు. కొత్త గడి పెట్టాలంటే కమిటీ కూర్చోవాలి. కామేశ్వరం గారిని అడిగితే, మంత్రిగారు వచ్చి వెళ్లేవరకూ ఎవరూ ఏ గడీ ముట్టుకోవద్దన్నారు.

అప్పలస్వామి ఆ వారమంతా సెలవు పెట్టాడు. సిమ్మాచలం అతన్ని బడి ఆవరణలో ఎదురుగా నిలబెట్టుకుని, మొదటిరోజు నేర్పినట్టు మళ్లీ మొదటి దెబ్బ నుంచి కొట్టించాడట. లోపల ఆ మాట వచ్చినప్పుడల్లా ముసలాయన వీపు మీద చరిచేవాడట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

వార్షికోత్సవం రోజు హాలు నిండిపోయింది. పెద్ద తెర, స్పీకర్లు, పూలకుండీలు. మంత్రిగారి ఫోనులో ఆటని పెద్ద తెర మీద చూపించడానికి ఇందుప్రియ ఒక మూల కంప్యూటరు ముందు కూర్చుంది. మంత్రిగారి ఒళ్లో వెండిపళ్లెంలో ఫోను పెట్టారు. చిదానందం గారు ప్రసంగిస్తూ, కాలం అనేది ప్రభుత్వ ఆస్తి అనీ, మండలి దానికి ధర్మకర్త అనీ చెప్పారు.

మేళం వేదిక ఎక్కింది. వాళ్లు వెనకున్న తెర వైపు తిరిగి నిలబడేలా ఏర్పాటు చేశాను. అప్పలస్వామి మేళాన్ని తిప్పి నిలబెట్టాడు. పదహారు మందీ తెరకి వీపు పెట్టి, జనం వైపు ముఖం పెట్టారు. నేను కింద నుంచి సైగ చేశాను. చూశాడు. చూసి, తల అడ్డంగా ఊపాడు.

ధిమ్ అంది స్పీకరు. పదహారు రేకులు ఒక్కటిగా పలికాయి.

అలాంటి చప్పుడు ఆ హాలు అంతకుముందు వినలేదు. గజ్జె, రేకు, గొంతు, మూడూ ఒకే దెబ్బ మీద పడుతున్నాయి. అప్పలస్వామి మోకాళ్లు ఎక్కడికి పోయాయో, పాతికేళ్ల కుర్రాడిలా గెంతుతున్నాడు. చెవుల్లోంచి దూది తీసేసి కర్ణ వర్గం వాళ్లు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మంత్రిగారిది కూడా మా వైపు పల్లెటూరే. చిన్నప్పుడు ఈ ఆట చూసి పెరిగిన మనిషి. ఆయన ఫోను తెర చూడడం మానేసి, అప్పలస్వామిని చూస్తూ, తప్పెట దెబ్బ మీద వేలితో ఫోనుని కొట్టడం మొదలుపెట్టారు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు.

వెనక పెద్ద తెర మీద, రెండు అడుగుల ఎత్తు ఎర్ర అక్షరాల్లో, 'తొందర' అని పడుతోంది. దెబ్బ దెబ్బకీ పడుతోంది. తొందర. తొందర. తొందర. ముందు వరసలో వాళ్లకి కనబడింది, తర్వాత వెనక వరసల్లోకి పాకింది. పాట అయిపోయింది. చప్పట్లు కొట్టాలో లేదో తెలియక జనం తెర వైపు చూశారు. మంత్రిగారు కూడా వెనక్కి తిరిగి చూశారు.

'లయజ్ఞానం: శూన్యం. శిక్షణ అవసరం.'

మంత్రిగారు చిదానందం గారిని పిలిచి, తనకేనా అది అని నెమ్మదిగానే అడిగారు. మైకు ఆయన ముందే ఉంది కాబట్టి అందరికీ వినబడింది.

చిదానందం గారి ముప్ఫై ఏళ్ల సర్వీసు అక్కడ అక్కరకొచ్చింది. "మాన్య మంత్రివర్యులు కాలానికన్నా ముందున్నారని యంత్రం విన్నవించుకుంటోంది సార్," అన్నారు.

"శిక్షణ అవసరం అని ఉంది."

"ఆ వాక్యంలో కర్త లేడు సార్. ఆ కర్తలం మేము."

మంత్రిగారు నవ్వారు. జనం నవ్వారు. ఆయన లేచి వెళ్లి అప్పలస్వామిని కౌగిలించుకుని, చిన్నప్పుడు తమ ఊళ్లో విన్న దెబ్బ మళ్లీ విన్నానని చెప్పారు. వెళ్తూ వెళ్తూ, వచ్చే ఏడాది కూడా వస్తాననీ, అప్పటికి యంత్రానికి కూడా తాళం నేర్పించమనీ అన్నారు.

కారు గేటు దాటగానే చిదానందం గారు ఇందుప్రియని పిలిచారు. మీట జరపడానికి ఎంతసేపు పడుతుందని అడిగారు. తన కంప్యూటరు నుంచే అన్ని ఫోన్లలోనూ అప్పటికే జరిపేశానంది; పువ్వు ఎప్పటిలాగే వెనకే దిగుతుంది, మార్కులు మాత్రం చప్పుడుకే పడతాయట. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు తయారైంది. 'మాన్య మంత్రివర్యుల అంగుళీ తాడనమే ఇకమీదట రాష్ట్రమంతటికీ ప్రామాణిక కాలముగా నిర్ణయించడమైనది. ధ్వనియే ప్రమాణము.' ఆటలో దోషం ఉందని అందులో ఎక్కడా లేదు. కాలమే సవరణకి గురైంది.

మర్నాడు పొద్దున్న అందరూ ఆడారు. అప్పలస్వామికి అరవైకి అరవై 'శభాష్'లు. కామేశ్వరం గారికి అరవైకి అరవై 'జాగు'లు. చప్పుడుని వదిలేసి పువ్వు తాకేదాకా ఆగడం అలవాటు చేసుకున్న ఎనిమిది వందల మంది, ఒక్క పూటలో లయహీనులయ్యారు. ఇప్పుడు శిక్షణ నేత్ర వర్గానికి అవసరమైంది. కర్ణ ప్రధాన శిక్షణ కాబట్టి కళ్లకి గంతలు కట్టాలి. గంతలు కట్టుకుని కామేశ్వరం గారు మూడు రోజులు ఫైళ్ల మీద సంతకాలు పెట్టారు. ఒక సంతకం బల్ల మీద పడింది. పెండింగు ఫైళ్లు మాత్రం ఎన్నడూ లేనంత వేగంగా కదిలాయి, ఎందుకంటే ఎవరూ చదవడం లేదు.

ఈ శిక్షణ ఇచ్చేవాడు కావాలి. దెబ్బ ఎక్కడుందో తెలిసినవాడు మండలిలో ఒక్కడే. అప్పలస్వామికి ప్రమోషను ఉత్తర్వు ఇచ్చి, అదనపు బాధ్యతగా లయ శిక్షకుడిగా వేశారు. శిక్షణ మూడో అంతస్తులో సమావేశ మందిరంలో జరగాలని ఉత్తర్వులో ఉంది. అప్పలస్వామి దాన్ని మొత్తం చదువుకుని, నా చేతికి తిరిగి ఇచ్చి, ఒక్కటే మాట అడిగాడు: నేర్చుకోవాలన్నవాళ్లే కింద రికార్డు గదికి దిగి రావచ్చు గదా అని. గంతలు కట్టుకున్నవాళ్లు మెట్లు దిగడం కష్టమని కామేశ్వరం గారు అన్నారు. అయితే గంతలు వద్దన్నాడు అప్పలస్వామి. మంత్రిగారు వచ్చే ఏడాది మళ్లీ వస్తానన్నారు కాబట్టి, చిదానందం గారు రెండూ ఒప్పుకున్నారు.

అలా రికార్డు గదిలో కుర్చీ మీద అప్పలస్వామి, పాత ఫైళ్ల కట్టల మీద మేమంతా. ఫోన్లు తలుపు దగ్గర బుట్టలో వేయిస్తాడు. తప్పెట మీద ఒక దెబ్బ వేస్తాడు, మేము చప్పట్లు కొట్టాలి. కామేశ్వరం గారికి మొదట్లో చాలా కష్టమైంది. అప్పలస్వామి ఆయన వెనక నిలబడి, వీపు మీద అరచేత్తో మెత్తగా తాళం వేసేవాడు. మూడో వారంలో ఒకరోజు వరసగా పది దెబ్బలు సరిగ్గా పడ్డాయి. కామేశ్వరం గారు అద్దాలు తీసి తుడుచుకుని, ఇంకోసారి వేయమని అడిగారు. ఆ శనివారం భజనలో ఆయన ప్రసాదం పళ్లెం పట్టుకోనన్నారట.

ఒకరోజు చిదానందం గారే దిగి వచ్చారు. మేమంతా లేచాం. అప్పలస్వామి కూడా కుర్చీలోంచి లేవబోతే, ఆయన చేత్తో వారించి, ఫైళ్ల కట్ట మీద కూర్చున్నారు. అందరిలాగే తననీ పరీక్షించమన్నారు. అప్పలస్వామి తప్పెట వాయించాడు. డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. కొన్ని ముందు పడ్డాయి, కొన్ని వెనక పడ్డాయి, రెండు చేతులూ ఒకదానికొకటి తగలనివి కూడా రెండు మూడు ఉన్నాయి. అయిదు నిమిషాల తర్వాత ఆయన ఆపి, తన లయ గురించి నిర్మొహమాటంగా అభిప్రాయం చెప్పమన్నారు.

అప్పలస్వామి తప్పెట మీద చెయ్యి ఆనించాడు.

"తవఁరు సప్పట్లు కొట్టీవోరు కాదు బాబూ," అన్నాడు. "కొట్టించుకునీవోరు."

డైరెక్టరు గారు తృప్తిగా తల ఊపారు. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా తన వ్యక్తిగత ఫైలులో చేర్చమని నాకు చెప్పారు. చేర్చాను.